రామ్‌నాథ్ గోయెంకా అవార్డు దాకా మన మండల విలేకరుల కథనాలు పోవాలంటే తొవ్వ ఉన్నదా?

మానుకోట_శీను
మా మండలంల ఒక కంట్రిబ్యూటర్ (జీతం లేకుంట పత్రికకు మండల వార్తలు పంపెటోడు) ఉన్నడు, పేరు చెప్పను, పత్రిక పేరు కూడ చెప్పను. మిర్చి ఏసి అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కౌలు రైతుల ఇండ్లు తిరిగి వరుసగ కథనాలు రాసిండు. తెలంగాణ సర్కారు రైతుబీమా 2018ల మొదలైనప్పటి సంది పట్టా పాస్‌బుక్ ఉన్నోళ్ళకే 5 లక్షలు. కౌలుకు చేసెటోడు సచ్చిపోతే బీమా లెక్కల వాడు రైతే కాదు. భూమి ఓనరు హైదరాబాద్‌ల ఉంటడు ఆయనకు బీమా ఉంటది, దున్నినోని పెండ్లానికి ఏం రాదు. ఇది అందరికి ఎరుకున్న ముచ్చటే గాని మనోడు ఒక్కో ఇంటికి పోయి కౌలు కాయితం, ప్రామిసరీ నోటు, పురుగుమందుల దుకాణంల బాకీ పుస్తకం, దవాఖాన చీటీ అన్ని చూసి రాసిండు. ఏసిందేమో జిల్లా పేజీల, లోపల, కింద. పక్క జిల్లోనికి కూడ కనపడలె. రాసినోని పేరు లేదు.

దేశంల మంచి జర్నలిజానికి ఇచ్చే గోయెంకా అవార్డుకు పంపుదమంటే "నా పేరే లేదు గదన్నా దాని మీద" అన్నడు. మనసు పాడైంది నాకు. గిట్లాంటోళ్ళకు ఏమన్న తొవ్వ ఉన్నదా, తెలిసినోళ్ళు చెప్పుర్రి.

డెస్క్_రాత్రిపూట
శీను, నేను పత్రిక డెస్క్‌లో, అంటే వచ్చిన వార్తలు దిద్ది పేజీలో పెట్టేచోట పనిచేస్తా కాబట్టి చెప్తున్నా, మీవాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మన తెలుగు పేపర్లలో జిల్లా వార్తకి పేరు పెట్టే అలవాటు చాలా తక్కువ. ఊరి పేరు, పక్కన పత్రిక న్యూస్ సర్వీస్ పేరు, అంతే. ఎవరు రాశారో డెస్క్‌లో ఉన్న మాకు తెలుసు, స్టాఫ్ రిపోర్టర్‌కి తెలుసు, ఇంకెవరికీ తెలీదు. పేరు లేని కథనం ఫలానా వాడిదే అని బయటివాళ్ళకి చెప్పాలంటే ఎడిటర్ సంతకంతో లెటర్ కావాలి, ఆ లెటర్ అడగడానికి కంట్రిబ్యూటర్‌కి ధైర్యం ఎక్కడిది. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లు లెక్కేసి ఇచ్చే డబ్బు మీద బతికేవాడు, రేపు వద్దంటే మానేయాల్సిందే.

డల్లాస్_సుబ్బు
ఈ అవార్డు ఇంగ్లీష్ పేపర్లకి, ఢిల్లీ టీవీ వాళ్ళకే కదా? తెలుగులో రాసినవి తీసుకుంటారా అసలు?

పాతపేపర్ల_రాజు
సుబ్బు గారూ, తీసుకుంటారు. హిందీకి వేరే విభాగం, మిగతా భారతీయ భాషలకి వేరే విభాగం ఉన్నాయి. పరిశోధన, పర్యావరణం, ఆటలు, వాణిజ్యం, ఫోటో, పుస్తకాలు... ఇలా చాలా ఉంటాయి. వాటిలో "అన్‌కవరింగ్ ఇండియా ఇన్విజిబుల్" అని ఒకటుంది, ఎవరికీ కనపడని భారతదేశాన్ని చూపించే కథనాలకి ఇచ్చేది. శీను చెప్పిన కౌలు రైతుల కథనం సరిగ్గా అందులో కూర్చుంటుంది.

అసలు ఈ అవార్డుకీ తెలుగుకీ సంబంధం చాలామందికి తెలీదు. రామ్‌నాథ్ గోయెంకా 1904లో బీహార్ దర్భంగాలో పుట్టాడు, కుర్రతనంలోనే వ్యాపారం కోసం మద్రాసు వచ్చాడు, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఆయన చేతికొచ్చింది అక్కడే. 1938లో ఆంధ్రప్రభ పెట్టింది ఆ సంస్థే. నార్ల వెంకటేశ్వరరావు గారు సంపాదకుడిగా వెలిగింది అందులోనే, 1942 నుంచి 1959 దాకా. మా తాతగారింట్లో ఆంధ్రప్రభ వచ్చిందంటే ముందు సంపాదకీయం ఎవరు చదవాలని పోటీ ఉండేదట, మా నాన్న చెప్పేవాడు. ఎమర్జెన్సీ పెట్టాక 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సెన్సార్‌కి నిరసనగా సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసి అచ్చేసింది చూడండి, అది ఈ గోయెంకా గారి పత్రికే. 1991లో పోయారు. ఆయన శతజయంతి వేడుకల్లో భాగంగా 2006లో ఈ అవార్డులు మొదలుపెట్టారు. అంటే మన నార్ల గారికి కుర్చీ వేసిన మనిషి పేరు మీద ఉన్న అవార్డు ఇది, మనవాళ్ళు అది మాది కాదన్నట్టు దూరంగా నిలబడితే నాకు బాధగా ఉంటుంది.

ఎర్రమందారం
రాజు గారు సగమే చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. నార్ల గారు 1959లో ఆంధ్రప్రభ ఎందుకు వదిలేశారు? ఆ ఏడాదే మద్రాసులో ఎక్స్‌ప్రెస్ కార్మికులు సమ్మె చేశారు, యాజమాన్యం అక్కడ ఆఫీసే మూసేసి ఆంధ్రప్రభని ఆంధ్రాకి తరలించింది. ఆ తర్వాతే 1960లో నార్ల సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి వచ్చింది. అంతకుముందు 1955 వర్కింగ్ జర్నలిస్టుల చట్టం మీద, జర్నలిస్టుల జీతాలు తేల్చే వేజ్ బోర్డు మీద సుప్రీంకోర్టుకి ఎక్కిందీ ఎక్స్‌ప్రెస్ యాజమాన్యమే. 1958లో కోర్టు చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది గానీ వేజ్ బోర్డు నిర్ణయాన్ని కొట్టేసింది. ప్రభుత్వం ముందు తల వంచనాయన జీతం అడిగిన పనివాడి ముందు కూడా వంచలేదు, ఈ రెండూ కలిపి చెప్పాలి. శీను గారి కంట్రిబ్యూటర్‌కి కావాల్సింది ఢిల్లీలో ట్రోఫీ కాదు, నెలకి ఒక జీతం. చట్టం కింద అతను జర్నలిస్టే కాదన్నట్టు చూస్తున్నారు కదా, దాని మీద చర్చ పెట్టండి.

పాతపేపర్ల_రాజు
మందారం గారూ మీరు చెప్పినవి జరిగినవే, ఒక్కటి కూడా కాదనను. కానీ అదే ఎక్స్‌ప్రెస్ 1980లో భాగల్పూర్‌లో పోలీసులు ఖైదీల కళ్ళు పొడిచిన సంగతి బయటపెట్టింది, మరుసటి ఏడాది మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతూలే సిమెంట్ వ్యవహారం రాసి ఆయన పదవి పోయేలా చేసింది. అవార్డు మంచిదా కాదా అనేది యజమాని గుణగణాలతో తేల్చొద్దు, ఎలాంటి కథనాలకి ఇస్తున్నారో చూసి తేల్చండి.

మానుకోట_శీను
మందారం అక్క/అన్న, జీతం కావాలె, నేనెందుకు వద్దంట. గని జీతం కోసం కొట్లాడెటోనికి కూడ నాలుగు ఊర్లకు పేరు తెలిస్తె బలం ఉంటది గదా. రెండు పనులు ఒక్కపారి జేయొద్దా?

గోదారి_గట్టు
నేను శీను గారి పక్షం అండీ. మా వైపు ఇసుక ర్యాంపుల మీద రాసిన కుర్రాడిని రాత్రి ఇంటికొచ్చి బెదిరించి వెళ్ళారు. తర్వాత ఏదో చిన్న రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది ఆ కథనానికే, ఫోటో పేపర్లో పడింది, అప్పట్నుంచి అదే మనుషులు కనపడితే పలకరించి పోతున్నారు. అవార్డంటే షెల్ఫులో పెట్టుకునే బొమ్మ అని అనుకోవద్దండీ, పల్లెటూళ్ళో రాసేవాడికి అది ఒంటిమీద చొక్కా. ఎస్సై కూడా స్టేషన్‌లో కుర్చీ వేస్తాడు.

బస్‌పాస్_భాస్కర్
ఎస్సై కుర్చీ సంగతి తర్వాత, ముందు అక్రిడిటేషన్ కార్డు (విలేకరులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఇప్పించండి, ఆర్టీసీ బస్సులో కండక్టర్ సీటు చూపిస్తే చాలు మాకు 😀

గోదారి_గట్టు
😀 భాస్కర్ గారూ మీకు పల్లెవెలుగులో కిటికీ పక్క సీటు గ్యారంటీ

సీమ_రాతిబిడ్డ
నాకొక అనుమానం ఉండాది. ఈ అవార్డు ఎవురి చేతుల మీంచి తీసుకుంటాండారు? రాజకీయ నాయకులు, మంత్రులు వేదిక మీద ఉంటారు కదా. మా అనంతపురం కరువు గురించి, రైతుల ఆత్మహత్యల గురించి ఏళ్ళ తరబడి రాసిన జర్నలిస్టు పి. సాయినాథ్ ప్రభుత్వం ఇచ్చే అవార్డులు తీసుకోడు. తాము ఎవురి గురించి రాస్తామో వాళ్ళ దగ్గర బహుమతి తీసుకోకూడదనేది ఆయన పద్ధతి. 2007లో మెగసెసే తీసుకున్నాడు, అది సర్కారుది కాదు. నాకు ఆ పద్ధతే సరైందనిపిస్తుంది.

పాతపేపర్ల_రాజు
గోయెంకా అవార్డు ప్రభుత్వానిది కాదు, ఫౌండేషన్ ఇచ్చేది, ఎంపిక జ్యూరీది. వేదిక మీదకి మాత్రం రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఇలా ఒక్కో ఏడాది ఒక్కొక్కరు వచ్చారు. 2020 జనవరిలో అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు, 2023 మార్చిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ ఇచ్చారు.

ఎర్రమందారం
2016 సంగతి కూడా చెప్పండి మరి. ఆ నవంబర్‌లో ప్రధాని మోదీ ముఖ్య అతిథి. హిందూ మత పుస్తకాలు అచ్చేసే గీతా ప్రెస్ చరిత్ర మీద రాసిన పుస్తకానికి అక్షయ ముకుల్‌కి అవార్డు వచ్చింది. మోదీతో ఒకే ఫ్రేములో నవ్వుతూ నిలబడటం నా వల్ల కాదని ఆయన వెళ్ళలేదు, పబ్లిషర్ తరఫు మనిషి వెళ్ళి తీసుకున్నాడు. అవార్డుని కాదనలేదు, ఆ చేతుల్ని కాదన్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం.

డెస్క్_రాత్రిపూట
అదే సభలో చివర వందన సమర్పణ చేసింది ఎక్స్‌ప్రెస్ ఎడిటర్ రాజ్‌కమల్ ఝా. ప్రధాని ఎదురుగా కూర్చుని ఉండగానే ప్రభుత్వం నుంచి వచ్చే విమర్శ జర్నలిస్టుకి గౌరవ చిహ్నం అని చెప్పాడు. గోయెంకా గారి ముచ్చట ఒకటి కూడా చెప్పాడు, ఒక ముఖ్యమంత్రి వచ్చి మీ రిపోర్టర్ చాలా బాగా పనిచేస్తున్నాడండీ అని మెచ్చుకుంటే ఆ రిపోర్టర్ని తీసేశారట. ఆ ప్రసంగం నేను ఎన్నిసార్లు విన్నానో. వెళ్ళకుండా నిరసన చెప్పినవాడూ గొప్పవాడే, వెళ్ళిన చోట నిలబడి చెప్పినవాడూ గొప్పవాడే.

సీమ_రాతిబిడ్డ
ఆ కథ బాగుండాది. కానీ మా మండలంలో ఎమ్మెల్యే మెచ్చుకోకపోతే తీసేస్తారు రిపోర్టర్ని. ఆ తేడా గుర్తుపెట్టుకోండి అందరూ.

బస్‌పాస్_భాస్కర్
సీమ అన్న చెప్పింది చేదుగా ఉన్నా నిజం. ప్రకటనలు తెచ్చిన కంట్రిబ్యూటర్‌కి ఉన్న విలువ వార్త తెచ్చినవాడికి లేదు. ఉగాదికి, ఆగస్టు 15కి, సంక్రాంతికి యాడ్ టార్గెట్లు ఇస్తారు, ఇచ్చేది ఎవరు, ఆ సర్పంచో ఆ కాంట్రాక్టరో ఆ ప్రైవేటు స్కూలాయనో. పొద్దున యాడ్ అడిగినవాడి మీద సాయంత్రం వార్త ఎలా రాస్తాడు? అట్లాంటి చోట ఉండి కూడా శీను గారి దోస్తు బాకీ పుస్తకాలు తిరగేసి రాశాడంటే దండం పెట్టాలి. పురుగుమందుల దుకాణం ఓనర్ కూడా యాడ్ ఇచ్చేవాడే అయ్యుంటాడు.

మానుకోట_శీను
అవును భాస్కరన్న, ఆ దుకాణపాయన యాడ్ బందు జేసిండు. ఆ పైసలు మనోని కమీషన్‌ల పోయినయ్.

ఫోటో_వలి
ఎవరూ ఫోటోగ్రాఫర్ల మాట ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. గోయెంకాలో ఫోటో జర్నలిజానికి విభాగం ఉంది. అమెరికా వాళ్ళ పులిట్జర్ అవార్డుల్లో మన దేశం వాళ్ళు ఎక్కువగా మెరుస్తున్నది కూడా ఫోటోల్లో చూడండి. డానిష్ సిద్దిఖీ 2018లో రోహింగ్యాల ఫోటోలకి రాయిటర్స్ టీంతో కలిసి గెలిచాడు, 2021 జూలైలో అఫ్గానిస్తాన్‌లో చంపేశారు, 2022లో కోవిడ్ ఫోటోలకి మళ్ళీ వచ్చింది, తీసుకోవడానికి మనిషి లేడు. 2022లో గెలిచిన టీంలోనే ఉన్న కశ్మీర్ అమ్మాయి సనా ఇర్షాద్ మట్టూని న్యూయార్క్ వెళ్ళి అవార్డు తీసుకోనివ్వకుండా ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఆపేశారు, టికెట్, వీసా రెండూ ఉన్నాయి చేతిలో. అవార్డు వస్తే రక్షణ అన్న గట్టు గారి మాట అన్నిచోట్లా నడవదు.

మా జిల్లా ఫోటోగ్రాఫర్ల సంగతి అయితే ఇంకా అన్యాయం. ఒరిజినల్ ఫైల్ ఆఫీసుకి పంపేస్తాం, కార్డు చెరిపేస్తాం, మరుసటి ఏడాది అడిగితే ఆఫీసులోనూ ఉండదు. మంచి ఫోటో తీసిన ప్రతివాడూ ఒరిజినల్ దాచుకోండి, తేదీ చెరగనివ్వకండి.

గోదారి_గట్టు
వలీ గారూ అన్నిచోట్లా నడవదు, ఒప్పుకుంటా. సనా సంగతి మనకి తెలిసింది మాత్రం ఆవిడ పేరు ప్రపంచానికి తెలుసు గనకే. మా ర్యాంపు కుర్రాడిని ఆపితే ఎవరు రాస్తారు?

ఫోటో_వలి
అది నిజమే.

పద్మ_ప్రూఫు
ఇంతమంది మాట్లాడారు, ఒక్క ఆడమనిషి పేరు సనా దాకా రాలేదు. చమేలీ దేవి జైన్ అవార్డు గురించి విన్నారా ఎవరైనా? చమేలీ దేవి స్వాతంత్య్ర పోరాటంలో జైలుకెళ్ళిన ఆవిడ. ఢిల్లీలో మీడియా ఫౌండేషన్ వాళ్ళు 1980ల మొదట్నుంచి ఏటా మహిళా జర్నలిస్టులకి ఇస్తున్నారు. 2004లో ఎవరికిచ్చారో తెలుసా, ఖబర్ లహరియాకి. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో పల్లెటూరి ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత మహిళలు, సొంత మాండలికంలో నడిపిన పత్రిక. పెద్ద ఆఫీసు లేదు, పెద్ద చదువులు లేవు. మనకీ అలాంటిది ఉండేది, చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల ఆడవాళ్ళు నవోదయం అని పత్రిక మొదలుపెట్టారు, వార్తలు వాళ్ళే రాసేవాళ్ళు. ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది చెప్పండి.

నేను చెప్పేది ఏంటంటే ఊళ్ళో కూర్చుని ఊరి గురించి రాసినవాళ్ళకి జాతీయ అవార్డు రావడం ఇంతకుముందే జరిగింది. కుదరదని ముందే అనుకోకండి. మా ఆఫీసులో జిల్లాలనుంచి వచ్చే కాపీ నేను రోజూ దిద్దుతా, అందులో నెలకి ఒకటైనా చదివి ఆగిపోయే కథనం ఉంటుంది, అది మూడు పేరాలకి కోసేసి పక్కన కల్యాణ మండపం యాడ్ పెడతారు. నా చేత్తో నేను కోసినవి ఉన్నాయి, పైనుంచి చెప్తే కోయాల్సిందే. ఆ పూర్తి కాపీలన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలి అని నాకు గట్టిగా ఉంటుంది.

ఎర్రమందారం
పద్మ గారి పోస్టుకి వంద లైకులు. ఖబర్ లహరియా సంగతి నాకు బలంగా నచ్చింది, ఎందుకంటే అక్కడ పేరూ వాళ్ళదే పత్రికా వాళ్ళదే.

డల్లాస్_సుబ్బు
నాకు రాయడం రాదు గానీ అనువాదం చేయగలను. జ్యూరీలో అందరికీ తెలుగు రాదు కదా, కథనం వాళ్ళ దాకా వెళ్ళేది ఇంగ్లీషులోనే. అక్కడే మనవి ఓడిపోతున్నాయని నా అనుమానం. శీను గారూ ఆ కథనాలు పంపండి, నేను చేసి పెడతా, వారాంతాలు ఖాళీయే. కౌలు కాగితం, అసామీ, తనఖా లాంటివి వచ్చినచోట ఎవరైనా కాస్త వివరం చెప్పాలి, మాది ఉద్యోగుల కుటుంబం, పొలం లెక్కలు తెలీవు.

సీమ_రాతిబిడ్డ
పొలం లెక్కలు నేను చెప్తా సుబ్బన్నా, మా నాయన ఇప్పటికీ వేరుశనగ కౌలుకే చేస్తాండాడు.

డెస్క్_రాత్రిపూట
సరే ఇప్పుడు పని మాట చెప్తా వినండి. ఏ ఏడాది అవార్డు అయితే ఆ క్యాలెండర్ ఏడాదిలో అచ్చయిన కథనాలే చూస్తారు. కాబట్టి ముందు అచ్చయిన తేదీలు చూసుకో శీను. వార్త ముక్క కత్తిరించిన క్లిప్పింగ్ పనికిరాదు, పత్రిక పేరు తేదీ పేజీ నంబర్ కనపడేలా పేజీ మొత్తం కావాలి. ఈపేపర్‌లో జిల్లా పేజీలు ఎక్కువకాలం ఉంచరు, ఇవాళే దింపుకోండి, పోతే మళ్ళీ దొరకవు. అతను వాట్సాప్‌లో డెస్క్‌కి పంపిన ఒరిజినల్ కాపీ, దాని టైం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోమను. పేరు లేని చోట రాసింది ఇతనే అని చెప్పడానికి అదే పెద్ద ఆధారం, ఎడిటర్ లెటర్ అడిగేటప్పుడు అది ముందు పెట్టొచ్చు. ఇంకా ఆ కథనాల వల్ల ఏమైనా కదిలిందా, తహసీల్దార్ వచ్చాడా, ఏ కుటుంబానికైనా డబ్బు వచ్చిందా, అదీ రాయండి.

ఇంకోటి, ఎడిటర్‌ని నేరుగా కంట్రిబ్యూటర్ అడగొద్దు. జిల్లా స్టాఫ్ రిపోర్టర్ ద్వారా అడిగించు. పత్రికకి అవార్డొస్తే ఆయనకీ మంచిదే కదా అనే కోణంలో చెప్పు.

మానుకోట_శీను
కదిలింది అన్న. ఒక ఇంటికి ఆర్డీవో వచ్చి ఎంక్వైరీ జేసిండు. 2015ల వచ్చిన 194 జీవో కింద రైతు ఆత్మహత్యకు 6 లక్షలు ఇయ్యాలె, కౌలు అని తేలినా ఇయ్యొచ్చు గదా అని మనోడు రాసిండు, దాని మీదనే వచ్చిన్రు. పైసలు ఇంక రాలె, ఫైలు కలెక్టరేట్‌ల ఉన్నది.

ఎర్రమందారం
ఆ ఫైలు వెనక పడటం అవార్డు కంటే ముఖ్యం శీను గారూ. ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి, నేను డ్రాఫ్ట్ చేసి పెడతా. అవార్డుకి నేను వ్యతిరేకం కాదు ఇప్పుడు, కానీ ఆ ఇంటికి డబ్బు రాకుండా మనోడికి ట్రోఫీ వస్తే అతనికే నచ్చదు, రాసినవాడి మనసు నాకు అర్థమవుతోంది.

పద్మ_ప్రూఫు
ఆ కుటుంబాల మాట కూడా ఒకటి. జిల్లా పేజీలో పేరు రావడం వేరు, దేశమంతా చదవడం వేరు. చనిపోయినవాడి భార్య, పిల్లల పేర్లు, ఫోటోలు ఇంగ్లీషులో పంపేముందు వాళ్ళని మళ్ళీ ఒకసారి అడగమనండి. ముఖ్యంగా అప్పు ఎవరి దగ్గర తీసుకున్నారో ఆ పేరు బయటకి వెళ్తే రేపు ఊళ్ళో ఆవిడ బతకాలి.

సీమ_రాతిబిడ్డ
ఎడిటర్ లెటర్ ఇయ్యకపోతే ఇంకో దారి ఉండాది. సాయినాథ్ 2014లో పెట్టిన పారి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్ వాళ్ళు పల్లె కథనాలే వేస్తారు, రాసినోని పేరు పైనే ఉంటాది, తెలుగులో కూడా వస్తాయి. ఇవే కథనాలు కాకుండా, అదే విషయం మీద కొత్తగా పోయి మాట్లాడి, పేరుతో అక్కడ రాయొచ్చు. మరుసటి ఏడాది దాన్నే పంపొచ్చు.

బస్‌పాస్_భాస్కర్
బయట రాస్తే ఇక్కడ తీసేస్తారేమో, ముందు ఆఫీసు రూల్ ఏంటో కనుక్కోమను. మా దగ్గర ఒకతన్ని అలాగే పంపించేశారు.

డెస్క్_రాత్రిపూట
భాస్కర్ చెప్పింది జాగ్రత్తగా వినాలి. కంట్రిబ్యూటర్‌కి అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వరు, కానీ రూల్స్ మాత్రం ఉంటాయి. ముందు లెటర్ దారే ప్రయత్నించండి.

మానుకోట_శీను
ఇయ్యాల మనోనితోని మాట్లాడిన. మొదలు వద్దన్నడు, తర్వాత ఈ పోస్టులన్ని సదివి వినిపిస్తె చానసేపు మాట్లాడలె. స్టాఫ్ రిపోర్టర్ మంచోడే, ఆయనను అడుగుతం అన్నడు. ఆ ఇండ్లకు ఆదివారం ఇద్దరం పోతున్నం, పద్మక్క చెప్పినట్టు అడిగి వస్తం. మందారం అన్నా/అక్కా ఆర్టీఐ డ్రాఫ్ట్ పంపుర్రి, కలెక్టరేట్ పేరు మీదనే ఎయ్యాల్నా ఆర్డీవో ఆఫీసుకా?

ఎర్రమందారం
అక్కనే 🙂 ఫైలు కలెక్టరేట్‌లో ఉందన్నావు కదా, అక్కడి పీఐవో (సమాచార అధికారి) పేరు మీదే వెయ్యి. ఫైల్ నంబర్ ఉంటే తప్పకుండా రాయి, లేకపోతే ఎంక్వైరీ జరిగిన తేదీ, గ్రామం రాయి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

డల్లాస్_సుబ్బు
మొదటి కథనం పేజీ వచ్చింది శీను గారూ, చదివాను. రెండో కాలమ్ మడతలో పడి అక్షరాలు కనపట్లేదు, ఈపేపర్ కాపీ దొరికితే అది పంపండి.

మానుకోట_శీను
ఈపేపర్‌ల లేదు సుబ్బన్న, తీసేసిన్రు. మనోని ఇంట్ల ఇంకో పేపరు ఉన్నదంట, పొద్దుగాల పోయి ఫోటో కొట్టి పంపుత.